బొమ్మ మీద ఇన్ని ఎర్ర ముద్రలేమిటి?

బీజింగ్‌లోనో తైవాన్‌లోని తైపేలోనో పాత చైనా చిత్రాలున్న గదిలోకి తొలిసారి అడుగుపెట్టిన మనవాళ్ళకు వచ్చే అనుమానం ఒకటే. కొండ బాగుంది, చెట్టు బాగుంది, పొగమంచు ఇంకా బాగుంది. మరి ఆకాశం నిండా రిజిస్ట్రారాఫీసు దస్తావేజు మీద కొట్టినట్టు ఆ ఎర్ర ముద్రలేమిటి? పక్కన ఎవరిదో ఆ చేతిరాత ఏమిటి? లక్షణమైన బొమ్మను ఇలా పాడుచేసిందెవరు?

పాడుచేసినవాళ్ళలో అగ్రగణ్యుడు ఒక చక్రవర్తి. 18వ శతాబ్దంలో అరవై ఏళ్ళు ఏలిన చియన్‌లాంగ్. తన ఖజానాలోని మంచి బొమ్మల మీదల్లా ముద్రలు కొట్టాడు, జాగా కనిపిస్తే పద్యం రాశాడు. 4వ శతాబ్దపు మహాలేఖకుడు వాంగ్ షీజీ పేరుమీద ఓ చిన్న ఉత్తరం తైపేలో ఉంది. మంచు పడి తెరిపిచ్చింది, మీరు కులాసా అనుకుంటాను అనే పాటి కబురు. మొత్తం 28 అక్షరాలు. చియన్‌లాంగ్ దాని పక్కన ‘దివ్యం’ అనే అర్థమొచ్చే అక్షరాన్ని ఇంతెత్తున రాసి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి చుట్టూ నింపుతూనే పోయాడు. కబురు ఏమూలో ఉంటుంది, కబురు మీద కబుర్లే పేజీలకు పేజీలు. చైనా కుర్రకారు కూడా ఆయన్ని ముద్రల పిచ్చోడని ఇంటర్నెట్‌లో ఆటపట్టిస్తుంటారు.

కానీ వాళ్ళు నవ్వేది ఆయన రాసినందుకు కాదు, అతిగా రాసినందుకు. అసలు రాయడం అక్కడ తప్పు కాదు. ఈ తేడా పట్టుబడితే చైనా కళలో చాలా చిక్కుముళ్ళు వాటంతటవే వదులవుతాయి. మనకు అలవాటైన లెక్కలో చిత్రకారుడు సంతకం పెట్టగానే బొమ్మ అయిపోయినట్టు. వాళ్ళ లెక్కలో అక్కడే మొదలు. దాన్ని కొన్నవాడు ముద్ర వేస్తాడు. చూడటానికొచ్చిన మిత్రుడు ఓ నాలుగు మాటలు రాస్తాడు. రెండొందల ఏళ్ళ తర్వాత ఇంకొకడు ఆ మాటలకు జవాబు రాస్తాడు. జాగా చాలకపోతే చివర కొత్త కాగితం అతికిస్తారు. ఇంగిలీకంతో వేసిన ఆ ఎర్ర ముద్రలను వరసగా చదివితే బొమ్మ ఎవరి చేతుల మీదుగా ఎవరికి చేరిందో తెలుస్తుంది. అసలేదో నకిలీ ఏదో తేల్చేవాళ్ళకు ఇవే మొదటి సాక్ష్యం. సాక్ష్యాలను కూడా నకలు కొట్టేవాళ్ళుంటారు, అది వేరే కథ.

అందుకే చైనాలో బొమ్మను ‘చదవడం’ అంటారు. ఇది అలంకారానికి అన్న మాట కాదు. చుట్టి దాచుకునే పొడవాటి బొమ్మలు, ఈ ‘చుట్టలు’, నిజంగానే చదవడానికి పుట్టాయి. మన చేర్యాల పటం చూసినవాళ్ళకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. కాకపోతే చేర్యాల పటాన్ని ఊరి జనం ముందు పైనుంచి కిందికి విప్పుతూ కథ చెబుతారు. చైనా చుట్ట ఒక్కరికో ఇద్దరికో ఉద్దేశించింది. బల్ల మీద పెట్టుకుని కుడి నుంచి ఎడమకు మూరెడు మూరెడు విప్పుతూ, చూసినంతమేర కుడిచేత్తో చుట్టేస్తూ పోవాలి.

బీజింగ్ ప్యాలెస్ మ్యూజియం దగ్గరున్న చిత్రకారుడు జాంగ్ జెదువాన్ చుట్ట 12వ శతాబ్దపు సోంగ్ వంశపు రాజధాని సందడిని చూపిస్తుంది. ఎత్తు జానెడుకు కాస్త ఎక్కువ, పొడవు అయిదు మీటర్ల పైచిలుకు. మొదట్లో ఊరి బయట గాడిదలు బరువు మోసుకుంటూ నింపాదిగా వస్తుంటాయి. చెట్లు, రెండు గుడిసెలు, నిశ్శబ్దం. తర్వాత నది, పడవలు. నడిమధ్యకు వచ్చేసరికి వంతెన కింద గందరగోళం: పెద్ద పడవ ఒకటి తెరచాప కొయ్యను పూర్తిగా దించకుండానే వంతెన దగ్గరికి వచ్చేసింది. పడవవాళ్ళు గడకర్రలతో ఆపుతున్నారు, వంతెన మీదివాళ్ళు ఒంగి అరుస్తున్నారు, ఒకరు తాడు విసురుతున్నారు. కాస్త ఎడమకు పోతే ఊరి ద్వారం, అందులోంచి ఒంటెలు. ఆ పడవ గుద్దుకుందా లేదా అన్నది తొమ్మిదొందల ఏళ్ళుగా తేలలేదు.

ఇప్పుడు దీన్ని అద్దాల పెట్టెలో ఒకేసారి పూర్తిగా పరిచి పెడతారు. 2015లో ప్రదర్శనకు పెట్టినప్పుడు పొద్దున గేట్లు తెరవగానే జనం పరుగులు పెట్టారు, గంటల తరబడి క్యూ కట్టారు. లోపలికి వెళ్ళాక ‘ముందుకు నడవండి’ అనే అరుపుల మధ్య అయిదు మీటర్ల కథను నడుస్తూ చూడాలి. ఇంతకంటే మంచి దారి ఉందని నా అభిప్రాయం. ప్రయాణానికి ముందే ఇంట్లో కంప్యూటర్ మీద పెద్ద సైజు బొమ్మ తెరిచి, కుడి నుంచి ఎడమకు మెల్లగా జరుపుకుంటూ ఓ గంట గడపండి. చిత్రకారుడు కోరుకున్న చదువరికి మీరు అప్పుడే దగ్గరవుతారు.

పైగా మీరు వెళ్ళిన రోజున అది ప్రదర్శనలో ఉండే అవకాశం దాదాపు లేదు. పట్టూ కాగితమూ వెలుతురు తగిలితే పాడవుతాయి. కొన్ని వారాలు బయటపెడితే తర్వాత ఏళ్ళ తరబడి చీకటి గదిలో విశ్రాంతి. పారిస్ వెళితే మోనాలిసా ఉంటుందన్న భరోసా ఇక్కడ పనికిరాదు. ఏ నెలలో ఏం పెడుతున్నారో మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే టికెట్ తీయడం మేలు. ప్యాలెస్ మ్యూజియానికి పాస్‌పోర్ట్ నంబరుతో ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. మామూలుగా సోమవారం సెలవు.

ఇంతకీ బీజింగ్‌లో ఒకటి, తైపేలో ఒకటి, ప్యాలెస్ మ్యూజియాలు రెండెందుకున్నాయి? 1933లో జపాన్ సైన్యం దగ్గరపడుతుంటే రాజప్రాసాదంలోని సంపదను 13,491 పెట్టెల్లో సర్ది దక్షిణానికి పంపారు. రైళ్ళు, లారీలు, పడవల మీద అవి యుద్ధకాలమంతా ఊళ్ళు మారాయి. జపాన్ ఓడింది, అంతర్యుద్ధం ముదిరింది. 1948-49లో వాటిలోంచి 2,972 పెట్టెలు ఓడల్లో తైవాన్ చేరాయి. లెక్కకు అయిదో వంతుకు కాస్త ఎక్కువే కానీ ఏరి ఏరి పంపినవి. కాబట్టి భవనం బీజింగ్‌లో ఉంది, లోపలి సొమ్ములో మేలైన భాగం తైపేలో ఉంది. ఫాన్ క్వాన్ వెయ్యేళ్ళ కిందట గీసిన కొండ తైపేలోనే ఉంది. రెండు మీటర్ల ఎత్తు పట్టు మీద మూడింట రెండొంతులు ఒకే కొండ, దాని పాదాల దగ్గర చీమల్లా కంచరగాడిదల బిడారు. చిత్రకారుడి సంతకం కింది మూల ఆకుల్లో దాక్కుని ఉంది. అది ఒకరి కంటబడటానికి 1958 దాకా పట్టింది.

రెండు ముక్కలైన కథ ఇంకొకటుంది, నాకు ఇష్టమైనది. హువాంగ్ గోంగ్‌వాంగ్ అనే ముసలాయన ఫూచున్ నది ఒడ్డు కొండలను 1350 నాటికి ఓ చుట్టగా గీశాడు. మూడొందల ఏళ్ళ తర్వాత దాని యజమాని చనిపోతూ ఈ బొమ్మ నాతోనే రావాలని నిప్పుల్లో వేయించాడు. అన్న కొడుకొకడు ఇంకో చుట్టను మంటలో పడేసి దీన్ని లాగేశాడు. అప్పటికే కాలి రెండైంది. అరమీటరు ముక్క ఇవాళ హాంగ్‌జౌలో, ఆరు మీటర్ల పైచిలుకు ముక్క తైపేలో. 2011లో ఒకసారి తైపేలో రెంటినీ పక్కపక్కన పెట్టారు.

పెద్ద ముక్క మీద చియన్‌లాంగ్ రాతలు చాలా తక్కువ. ఎందుకో తెలుసా? దీని నకలొకటి ఆయనకు ముందే దొరికింది. అదే అసలనుకుని మురిసిపోయి యాభైకి పైగా రాతలతో నింపేశాడు. మరుసటి ఏడు నిజమైనది చేతికొచ్చింది. ఇది నకిలీ అని తేల్చేసి, ఆ మాటే దాని మీద రాయించి, పక్కన పడేశాడు. నకిలీ అనిపించుకోవడం వల్ల అసలు బొమ్మ చక్రవర్తి ప్రేమ నుంచి బతికిపోయింది.

నకలు సంగతి వచ్చింది కాబట్టి రెండు మాటలు. 6వ శతాబ్దంలో చిత్రకళకు ఆరు సూత్రాలు చెప్పిన షియే హ సూత్రాల్లో చివరిది పూర్వుల బొమ్మలకు నకళ్ళు తీయడం. అక్కడ నకలు దొంగతనం కాదు, సాధన. సంగీతం నేర్చుకునేవాడు గురువు పాడిన కృతినే పాడటం లాంటిది. నాశనమయ్యే వస్తువును కాపాడుకునే పద్ధతి కూడా. వాంగ్ షీజీ 353లో రాసిన ‘ఆర్కిడ్ మంటపం’ ముందుమాటను చైనా చేతిరాతలో శిఖరం అంటారు. దాని అసలు ప్రతి లేదు. టాంగ్ వంశపు చక్రవర్తి ఒకాయన దాన్ని తనతో సమాధిలోకి తీసుకుపోయాడని ప్రతీతి. పదమూడు వందల ఏళ్ళుగా లోకం కొలుస్తున్నది నకళ్ళనే.

రాతకూ గీతకూ ఇంత చుట్టరికం ఎందుకంటే రెంటికీ పనిముట్లు ఒకటే. మసీ జిగురూ కలిపి ఎండబెట్టిన సిరా కడ్డీ ఉంటుంది. దాన్ని రాయి మీద నీళ్ళు వేసి, మనం గంధం తీసినట్టే అరగదీస్తారు. కాగితం అన్‌హుయ్ రాష్ట్రంలో ఓ చెట్టు బెరడూ వరిగడ్డీ కలిపి చేసేది, షువాన్ కాగితం అంటారు. చుక్క తాకిందో లేదో పీల్చేస్తుంది. తుడవడాలు, దిద్దడాలు లేవు. వెదురు కణుపు ఒక గీత, ఆకు ఒక విదిలింపు, రెండూ అక్షరాల్లో వచ్చే గీతలే. ఖాళీగా వదిలింది నీరో మంచో అవుతుంది. పండితులు గీసే వెదురు, ఆర్కిడ్, ప్లమ్, చామంతి చూడటానికి పూలబొమ్మలే గానీ చాలాసార్లు వాటి కడుపులో వేరే మాట ఉంటుంది. మంగోలులు సోంగ్ రాజ్యాన్ని కూల్చాక జెంగ్ సిషియావో ఆర్కిడ్ మొక్కను మట్టి లేకుండా గీసేవాడు. మట్టేదంటే దొంగలెత్తుకుపోయారనేవాడట. రాజుల కింద నోరు విప్పలేని చోట మొక్కల చేత మాట్లాడించడం అక్కడ పాత అలవాటు.

ఇప్పటిదాకా చెప్పిందంతా పండితుల లోకం. చైనా కళంటే ఇదొక్కటే అనుకుంటే దున్‌హువాంగ్‌లో తప్పిపోతాం. గోబీ ఎడారి అంచున మొగావ్ గుహల్లో సిరా నలుపు లేదు, ముద్రలు లేవు, గీసినవాళ్ళ పేర్లూ చాలావరకు లేవు. 366లో ఒక భిక్షువు తొలి గుహ తొలిపించాడంటారు. ఆ తర్వాత వెయ్యేళ్ళపాటు కూలికి పనిచేసిన చేతులు 492 గుహలను రంగులతో నింపాయి. గోడ బొమ్మలే 45 వేల చదరపు మీటర్లు. మట్టి, గడ్డి కలిపిన పూత మీద రంగు. అజంతా చూసినవాళ్ళకు ఇది బంధువుల ఇల్లే.

257వ గుహలో రురు మృగం జాతక కథ ఉంది. నదిలో మునిగిపోతున్న మనిషిని లేడి కాపాడుతుంది. రాణికి దాని చర్మం మీద ఆశ పుడుతుంది. కాపాడబడినవాడే బహుమతికి ఆశపడి దాని ఆచూకీ చెబుతాడు. మన దగ్గర పుట్టిన కథ, అక్కడ పొడవాటి పట్టీగా గీశారు. తమాషా ఏమిటంటే దీన్ని కుడి నుంచి ఎడమకూ కాదు, ఎడమ నుంచి కుడికీ కాదు, రెండు చివర్ల నుంచీ చదవాలి. రెండు వైపుల కథా నడుచుకుంటూ వచ్చి మధ్యలో కలుస్తుంది. అక్కడ లేడి తలెత్తి రాజు కళ్ళలోకి చూస్తూ నిలబడి ఉంటుంది. తొలినాళ్ళ గుహల్లో మనుషుల ముఖాలు, ఒళ్ళు బొగ్గులా కనిపిస్తే చిత్రకారుడు అలా గీశాడనుకోకండి. సీసం కలిసిన రంగులు శతాబ్దాల మీద నల్లబడ్డాయి. గీసిన రోజున అవి గులాబీ ఛాయలో ఉండేవి.

అక్కడ చూసే పద్ధతి కూడా వేరు. ముందు ఊరి దగ్గరి డిజిటల్ కేంద్రంలో రెండు సినిమాలు చూపిస్తారు. అక్కడి నుంచి బస్సు, తర్వాత గైడుతో గుంపుగా గుహలు. మామూలు టికెట్‌కు ఎనిమిది గుహలు, అవి ఏవో మీ చేతిలో లేదు. లోపల దీపాలుండవు, గైడు టార్చి వేసినంతమేరే బొమ్మ. ఫొటోలు నిషేధం. విసుగు పుట్టించే నిబంధనలే గానీ కారణముంది. మన ఊపిరి తేమకు గోడలోని ఉప్పు పైకి ఉబికి రంగును పెళ్ళలుగా ఊడదీస్తుంది.

1900లో ఇక్కడ మూసిన చిన్న గుహ ఒకటి తెరిస్తే వేలాది రాతప్రతులు, పట్టుపటాలు బయటపడ్డాయి. 1907లో వచ్చిన పురావస్తు అన్వేషకుడు ఆరెల్ స్టెయిన్ వాటిలో చాలా పట్టుకుపోయాడు. ఆ యాత్ర ఖర్చులో భారత ప్రభుత్వానికి వాటా ఉండటం వల్ల పటాల్లో కొన్ని ఢిల్లీ నేషనల్ మ్యూజియానికి వచ్చాయి. దున్‌హువాంగ్ వెళ్ళే స్తోమత లేనివాళ్ళకు ఢిల్లీ రైలు ఉంది. మన పాఠ్యపుస్తకాల హ్యుయాన్‌త్సాంగ్, ఆ ధాన్యకటకం దాకా వచ్చిన మనిషే, దున్‌హువాంగ్‌కు తూర్పున ఉన్న యూలిన్ గుహల గోడ మీద గుర్రంతో, కోతి ముఖం సేవకుడితో కనిపిస్తాడు.

ఇక ఆధునికం. 20వ శతాబ్దంలో విదేశీ తైలవర్ణం పాతుకున్నాకే పాత పద్ధతికి ‘దేశీయ చిత్రకళ’ అని పేరు పెట్టుకోవలసి వచ్చింది. పారిస్‌లో చదివిన షూ బేహోంగ్ రెంటినీ కలపబోయాడు. ఆయన శాంతినికేతన్ వచ్చి, 1940లో చైనా పాత కథలోని కొండను తవ్వే ముసలివాడి పెద్ద చిత్రాన్ని మన దేశంలోనే గీశాడు. అందులో కండలు తిరిగిన కూలీల్లో కొందరికి భారతీయులే నమూనా. తర్వాత విప్లవం, ప్రచార చిత్రాలు, సాంస్కృతిక విప్లవం. 1979 సెప్టెంబరులో కొందరు యువకులు బీజింగ్ జాతీయ కళా మ్యూజియం బయట కంచెకు తమ బొమ్మలు వేలాడదీశారు. రెండు రోజులకు పోలీసులు తీయించేశారు. పదేళ్ళకు, 1989 ఫిబ్రవరిలో, అలాంటి కళే ఆ మ్యూజియం లోపలికి వెళ్ళింది. ప్రారంభమైన కొద్ది గంటలకే షియావో లూ అనే కళాకారిణి తన కృతి మీద తానే తుపాకీ పేల్చింది. ప్రదర్శన మూసేశారు.

ఈ కొత్త కళ పాతదానితో తెగతెంపులు చేసుకుందని తరచూ రాస్తుంటారు. నాకలా అనిపించదు. గొడవపడుతోంది, నిజమే, కానీ అది ఇంట్లో గొడవ. షూ బింగ్ 1987 నుంచి నాలుగేళ్ళు కూర్చుని దాదాపు నాలుగు వేల అక్షరాలు చెక్కపై చెక్కాడు. పాత పద్ధతిలో ముద్రించి, దారంతో కుట్టి, పుస్తకాలు చేశాడు, కప్పు నుంచి పొడవాటి కాగితాలు వేలాడదీశాడు. అచ్చం చైనా అక్షరాలే. అందులో ఒక్కటి కూడా నిజం కాదు, అన్నీ కల్పించినవే. మనం వెళితే చైనీస్ రాదు కదా అని సర్దుకుని బొమ్మలా చూస్తాం. చైనావాళ్ళు మాత్రం చదవగలిగే అక్షరం ఒక్కటైనా దొరక్కపోతుందా అని వెతుక్కుంటారు. ప్రపంచంలో మనమూ వాళ్ళూ సమానంగా చదవలేని ఏకైక చైనీస్ అదే. చ్యూ జిజియే ఏమో ఇందాక చెప్పిన ‘ఆర్కిడ్ మంటపం’ రాతను ఒకే కాగితం మీద వెయ్యిసార్లు రాశాడు. నకలు తీయడమే సాధన కదా, తీశాడు. కాగితం నల్లబడింది, ఆ తర్వాతదంతా నలుపు మీద నలుపు. ఐ వేవే 1995లో దాదాపు రెండువేల ఏళ్ళ నాటి హాన్ యుగపు కుండను నేలకేసి పగలగొట్టి ఫొటోలు తీయించుకున్నాడు. ముద్రల సంగతి తెలియకుండా చూస్తే ఇవన్నీ ఆకతాయి పనులు. తెలిసి చూస్తే అదే పాత చుట్టకు చివర అతికించిన కొత్త కాగితాలు.

బీజింగ్‌లో ఈ కళకు కేంద్రమైన 798 కూడా అలాంటిదే. 1950లలో తూర్పు జర్మనీ సాయంతో కట్టిన ఎలక్ట్రానిక్స్ కర్మాగారం అది. రంపపు పళ్ళలాంటి కప్పు, ఉత్తరం వైపు కిటికీలు. 1990ల చివర్లో అద్దె తక్కువని శిల్పులు, చిత్రకారులు చేరారు. కప్పు కమానుల మీద ‘ఛైర్మన్ మావో వర్ధిల్లాలి’ అని ఎర్రగా రాసిన నినాదాలను చెరపకుండా ఉంచారు. పాత యజమాని ముద్రే కదా! పేరు వచ్చింది, అద్దెలు పెరిగాయి, చాలామంది కళాకారులు ఊరి శివార్లకు తరలిపోయారు. ఇప్పుడక్కడ గ్యాలరీలతో పాటు కాఫీ దుకాణాలూ పెళ్ళి ఫొటోలవాళ్ళూ ఎక్కువే. ఒక పూట చాలు. షాంఘైలో కరెంటు కేంద్రాన్ని మార్చి 2012లో తెరిచిన మ్యూజియం, హాంకాంగ్‌లో 2021లో తెరిచిన ఎం ప్లస్ మ్యూజియం ఇంతకంటే తృప్తినిస్తాయి.

పాతనూ కొత్తనూ ఒకేచోట చూడాలంటే మాత్రం సుజౌ నగరం. వాస్తుశిల్పి ఐ.ఎం. పేయ్ కట్టిన మ్యూజియం అక్కడ 2006లో తెరిచారు. ప్రాంగణంలో కొలను, దాని వెనక పక్కింటి పాత తోట తెల్లగోడ. ఆ గోడ ముందు పలకలుగా కోసిన రాళ్ళను చిన్నా పెద్దా నిలబెట్టాడు. వాన పడితే రాయి ముదురుతుంది, మంచుకు అంచులు మసకబారతాయి. గోడే కాగితం, రాయే సిరా. సోంగ్ కాలపు చిత్రకారుడు ‘మీ ఫూ’ గీసిన కొండలు కొలను అవతల నిలబడి ఉంటాయి.

కొనడం గురించి ఒక హెచ్చరిక. బీజింగ్, షాంఘై పర్యాటక వీధుల్లో చక్కటి ఇంగ్లీషుతో పలకరించి ‘మేం ఆర్ట్ విద్యార్థులం, మా ప్రదర్శన చూడండి’ అని తీసుకెళ్ళేవాళ్ళు చాలావరకు అచ్చుబొమ్మలను చేతిబొమ్మల ధరకు అంటగట్టేవాళ్ళే. 1911కి ముందటి వస్తువులను దేశం దాటనివ్వరు. కాబట్టి మింగ్ కాలపు గిన్నె అని గుసగుసగా అమ్మేది నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలైతే మీరు ఇరుక్కుంటారు. సిరా కడ్డీ, నాలుగు షువాన్ కాగితాలు, మీ పేరు చెక్కించుకున్న రాతి ముద్ర కొనుక్కోండి.

పొద్దున్నే ఏదైనా పెద్ద పార్కుకు వెళ్ళండి, బీజింగ్ స్వర్గదేవాలయం పార్కయినా సరే. పెద్దవాళ్ళు మనిషెత్తు కర్రకు స్పాంజి తొడిగిన కుంచెతో, చిన్న బకెట్‌లో నీళ్ళు పెట్టుకుని, నేల పలకల మీద అక్షరాలు రాస్తుంటారు. పలకకొక అక్షరం, వరస చివరికి వచ్చేసరికి మొదటిది ఆరిపోతుంటుంది. సోంగ్ దోంగ్ అనే కళాకారుడు 1995 నుంచి తన డైరీని ఇలాగే రాతిపలక మీద నీళ్ళతో రాసుకుంటున్నాడు. అది గ్యాలరీల్లో ఆధునిక కళ, ఇది రిటైరైన వాళ్ళ పొద్దుటి వ్యాయామం. చూస్తూ నిలబడితే ఎవరో ఒకరు కుంచె మీ చేతికిస్తారు. మీ పేరు తెలుగులో రాయండి. మన అక్షరాల్లో సుడులే ఎక్కువ, వాళ్ళ కుంచె గీతకు అలవాటుపడింది, తలకట్టు దగ్గరే తడబడుతుంది. చుట్టూ చేరినవాళ్ళు ఒంగి, వేలితో గాల్లో ఆ వంపును తిప్పి చూసుకుంటారు. ఎటు నుంచి మొదలుపెట్టావని సైగలతో అడుగుతారు. చూపిద్దామని వంగేసరికి సగం ఆరిపోయి ఉంటుంది, మళ్ళీ బకెట్‌లో ముంచాలి.